ఎడమ చెయ్యి మీద పాత కాటు

వనపర్తిలో నా కటింగ్ షాపు బోర్డు మీద మా అమ్మాయి అనూష పేరు ఉంటుంది. జనం మాత్రం మిలిటరీ షాపు అంటారు. పదిహేడేళ్లు మిలిటరీలో మంగలి పని చేసి, పింఛనుతో ఇంటికొచ్చి పెట్టుకున్న షాపు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. నా పేరు కృష్ణయ్య. సొంతూరు ఇటిక్యాల దగ్గర. చదివింది పదో తరగతి. ఇట్లాంటివి రాయడం నాకు అలవాటు లేదు. జబ్బు తగ్గిన తర్వాత నాకు వైద్యం చేసిన డాక్టరమ్మే, జరిగింది జరిగినట్టు రాయమన్నది. చదివిన వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని ఆమె నమ్మకం. నాకింకో కారణం కూడా ఉంది. ఆ రోజుల్లో నేను ఎంత భయపడ్డానో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, నా భార్య సుజాతకు కూడా.

ముందు మా పని గురించి ఒక మాట చెప్పాలి. కత్తి పట్టేది కుడి చెయ్యి. అందరూ దాన్నే చూస్తారు. కానీ గడ్డం గీసేటప్పుడు సగం పని ఎడమ చేతిది. చర్మాన్ని సాగదీసి పట్టేది, ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మొటిమ ఉందో, వెంట్రుక ఎటు తిరిగి ఉందో తెలుసుకునేది అదే. నాకు రోగం వచ్చింది ఆ చేతికే.

షాపు పెట్టిన ఆరో ఏడు, చలికాలంలో మొదలైంది. ఒకరోజు పొద్దున్నే అద్దం తుడుస్తుంటే ఎడమ చేతి వెనకభాగం నేరేడు పండు నలిపి పూసినట్టు కనిపించింది. ఎరుపూ కాదు, నీలమూ కాదు. కొంచెం ఉబ్బి మెత్తగా ఉంది. వేలి ఉంగరం బిగిసింది. దురద లేదు, నొప్పి లేదు. ఆ రెండూ లేకపోవడమే నన్ను మోసం చేసింది.

అన్నం పెడుతూ సుజాత చూసింది. "చెయ్యి గట్ల కమిలిందేంది? ఎక్కడన్న తాకిందా?"

"చలికి గట్ల అయ్యింటది. రెండు దినాల్ల పోతది."

రెండు రోజుల్లో పోలేదు. తలకు వేసే రంగులోని మందు పడక అయ్యుంటుందని ఒక డాక్టరు పూతమందు ఇచ్చాడు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చింది. ఇంకో డాక్టరు, గంటల తరబడి నిలబడి చేసే పని కదా, రక్తం సరిగ్గా తిరగడం లేదన్నాడు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు అడిగిన దానికి నేను చెప్పిన జవాబులు అంతంతమాత్రమే. తొందరగా చూపించుకుని షాపుకు పోవాలన్న ధ్యాసే ఉండేది. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, మూడు రకాల పూతమందులు అయిపోయాయి.

మళ్లీ చలికాలం వచ్చేసరికి వాపు సగం దిగింది. తగ్గుతోందని సంబరపడ్డాను. అది తగ్గడం కాదు. ఉబ్బిన చోట చర్మం పలచబడుతోంది. ఉల్లిపొరలాగా ముడతలు పడి, కింద నరాలన్నీ బయటికి కనిపించసాగాయి. నలభై మూడేళ్ల మనిషికి ఎనభై ఏళ్ల ముసలాయన చెయ్యి అతికించినట్టుంది. మోచేతి మీద కూడా అదే రంగు లేచింది. చిటికెన వేలు, దాని పక్క వేలు అప్పుడప్పుడు చీమలు పాకినట్టు ఉండేవి. ఒక్కోసారి అవి ఉన్నట్టే తెలిసేది కాదు.

కటింగ్ షాపులో ఎదురుగా నిలువుటద్దం ఉంటుంది. కూర్చున్న వాళ్లు తమ ముఖం చూసుకుంటారని మనం అనుకుంటాం. వాళ్లు నా చెయ్యి చూడటం మొదలుపెట్టారు. ఒకాయన గడ్డానికి సబ్బు పెట్టేలోగా, ఫోన్ వచ్చిందని లేచి పోయాడు. ఫోన్ మోగలేదు. ఇంకొకాయన ఎప్పుడూ నా కుర్చీకే వచ్చేవాడు, ఆ రోజు ఖాళీగా ఉన్న నన్ను దాటి పక్క కుర్చీ దగ్గర నిలబడ్డాడు. ఎవరూ నోరు తెరిచి ఒక మాట అనలేదు. నేను ఫుల్ చేతుల చొక్కా వేసుకున్నాను. తర్వాత రబ్బరు గ్లౌజు తొడిగాను. గ్లౌజుతో చర్మం తెలియదు, పని సాగదు. అయినా తొడిగాను.

వాళ్లు అనని ఆ మాటను నేను మనసులో రోజూ అనుకునేవాణ్ణి. మా దిక్కు దాన్ని పెద్ద రోగం అంటారు. రంగు మారిన చర్మం, తిమ్మిరెక్కిన వేళ్లు. కుష్టు కాక ఇంకేమవుతుంది?

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం జరిగింది అసలు దెబ్బ. ఖాదర్ సాబ్ అని నా పాత కస్టమరు. బట్టల దుకాణం కొడుకులకు అప్పగించి విశ్రాంతిగా ఉన్న పెద్దమనిషి. ప్రతి శుక్రవారం నమాజుకు ముందు వచ్చి గడ్డం సరిచేయించుకుంటాడు. నన్ను ఫౌజీ, అంటే సిపాయి, అని పిలుస్తాడు. ఆ రోజు చెవి పక్కన గీస్తున్నాను. ఎడమ చేత్తో చెవి మడిచి పట్టుకున్నాననే అనుకున్నాను. వేళ్ల మధ్య నుంచి చెవి జారిపోయిన సంగతి నాకు తెలియలేదు. కత్తి దిగింది. తెల్లటి కుర్తా భుజం మీద రక్తం బొట్లు పడ్డాయి.

ఇరవై ఏళ్లకు పైగా కత్తి పట్టినవాణ్ణి. కత్తి పక్కన పడేసి పరుగెత్తాను. పటిక పట్టుకొచ్చి చెవికి అద్దాను.

"ఏం గాలే ఫౌజీ," అన్నాడు ఖాదర్ సాబ్ అద్దంలో చూసుకుంటూ. "చెవి ఉన్నది గదా ఇంక. పరేషాన్ గాకు."

ఆయన పోయాక మా బావమరిది శ్రీను నా దగ్గరకొచ్చాడు. సుజాత తమ్ముడు. నేను పని నేర్పిన పిల్లవాడే, ఇప్పుడు పెళ్లయి ఇద్దరు పిల్లల తండ్రి. రెండో కుర్చీ అతనిది. నేల చూస్తూ అన్నాడు, "బావా, నువ్వు కొన్ని దినాలు గల్ల కాడ కూసో. నేను చూసుకుంట. చెయ్యి మంచిగైనాక చేద్దువు గాని."

"జనం ఏమన్న అంటున్నరా?"

అతను పోయి నా కుర్చీ మీద తువ్వాలు కప్పాడు.

నా సొంత షాపులో నేను గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాను. ఎదురుగా నా కుర్చీ, దాని మీద తువ్వాలు. కత్తెర చప్పుడు వింటూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో పని తెలిసిన వాళ్లకే అర్థమవుతుంది. పై శుక్రవారం ఖాదర్ సాబ్ రాడనుకున్నాను. వచ్చాడు. చెవికి చిన్న పట్టీ ఉంది. నా కుర్చీ మీది తువ్వాలు తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు.

"శ్రీను చేస్తడు సాబ్," అన్నాను.

"శ్రీను కటింగ్ మంచిగ చేస్తడు. గడ్డం నీకే ఇస్త."

"నా చెయ్యి సక్కగ లేదు సాబ్. ఎప్పటికైతదో తెల్వదు."

"అయితే అప్పటిదాంక పెరగనీ. గడ్డమేమన్న బువ్వ అడుగుతదా?" అని లేచి, ఛాయ్ తెప్పించి, నాతో పాటు తాగి పోయాడు. ఆ రోజు నుంచి ఆయన గడ్డానికి కత్తెర తగలనివ్వలేదు.

ఇంట్లో మాత్రం నేను మనిషిలా లేను. నా కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. ఎందుకో చెప్పలేదు. అనూష గద్వాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఉగాదికి వచ్చినప్పుడు దాని తల మీద చెయ్యి పెట్టకుండా దూరంగా నిలబడి మాట్లాడాను. పిల్ల ఏదో తప్పు చేశాననుకుని ముఖం చిన్నబుచ్చుకుని పోయింది. ఒకరోజు పొద్దున సుజాత నా తువ్వాలును తన చీరలతో కలిపి నానబెట్టింది. చూసి ఆమె మీద గట్టిగా అరిచాను. పెళ్లయిన ఇన్నేళ్లలో అట్లా అరవలేదు.

ఆమె చేతిలోని సబ్బు కింద పెట్టింది. "ఏందో ఇయ్యాల చెప్పు. కంచం వేరంటవ్, తువ్వాల వేరంటవ్. నా మీద కోపమా? ఇంకేమన్న ఉన్నదా? చెప్పకుంటే పిల్లను పిలిపిస్త, దాని ముందర అడుగుత."

అప్పుడు చెప్పాను. ఆ మాట మొదటిసారి బయటికి అన్నాను. సుజాత ఏడవలేదు. నల్లా దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. ఆమె కూడా భయపడిందని నాకు తెలుసు, చేతులు కడుక్కున్నవే మళ్లీ కడుక్కుంది. తర్వాత లేచి, "సర్కారు దవాఖానకు పోదాం," అన్నది.

"ఈడ అందరికి నేను ఎరుకే. ఎవలన్న చూస్తే షాపు మూసుకోవాలె."

"ఈడ వద్దు. నాగర్‌కర్నూల్ పోదాం. బల్మూర్ల మా అక్క ఉన్నది గదా, చూడనీకి పోతున్నం అని చెప్తం."

ఏప్రిల్‌లో పోయాం. బస్సులో ఆమె నాకు కుడి పక్కన కూర్చుంది. ఎప్పుడూ కిటికీ పక్క సీటు కావాలనే మనిషి, ఆ రోజు కిటికీ నాకు వదిలేసింది. నా ఎడమ చెయ్యి కిటికీ వైపు ఉంది. నేను గమనించాను. నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగి నడుస్తున్నప్పుడు, పది అడుగులు వేశాక ఆమె నా వెనక నుంచి ఎడమ వైపుకు వచ్చింది. గ్లౌజు లాగేసి తన సంచిలో వేసుకుని నా చెయ్యి పట్టుకుంది. దవాఖాన గేటు దాకా వదల్లేదు. ఆ పది అడుగుల్లో ఆమె మనసులో ఏం జరిగిందో నేను ఇప్పటికీ అడగలేదు.

దవాఖాన వరండాలో చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చున్నాం. చర్మం డాక్టరు గది ముందు చాలామంది ఉన్నారు. ఎవరి మచ్చను వాళ్లు కొంగుతోనో రుమాలుతోనో కప్పుకున్నారు. ఇక్కడ నన్నెవరూ ఎరగరని ధైర్యంగా ఉన్నాను. అంతలో, "ఏం మిలిటరన్న, నువ్వు ఈడ?" అని గొంతు వినిపించింది. మా వీధి చివర పంక్చర్ షాపు నడిపే నర్సింలు. చెయ్యి సుజాత సంచిలో దాచేశాను.

"మా వదినోళ్లను చూడనీకి వచ్చినం. నువ్వేంది?"

"నేను గూడ చుట్టాలను చూడనీకే వచ్చిన," అన్నాడు. చర్మం డాక్టరు గది ముందు బెంచీ మీద చుట్టాలెవరున్నారా అని ఇద్దరం అటూ ఇటూ చూశాం. అతను గొంతు తగ్గించి, "తొడల నడుమ తామర అన్నా. మనూర్ల చూపిచ్చుకుంటే నవ్వుతరని," అన్నాడు. సుజాతకు నవ్వు ఆగలేదు. నాకూ నవ్వొచ్చింది. ఎన్ని నెలల తర్వాత నవ్వానో.

డాక్టరమ్మ చిన్న వయసుది. నేను చెయ్యి ముందు పెట్టగానే వట్టి చేతులతో, రెండు చేతులా పట్టుకుంది. అటూ ఇటూ తిప్పి, ముడతలను మెల్లగా పిండి చూసింది. దూదితో తాకి, కళ్లు మూసుకుని ఎక్కడ తగిలిందో చెప్పమంది. మోచేతి నరం ఒత్తి చూసింది. చెవి తమ్మె దగ్గర చిన్నగా గీరి, పరీక్షకని గాజు పలక మీద పూసింది.

"అదేనా మేడం?" అని అడిగాను.

"ఏది?"

"కుష్టు."

ఆమె నా ముఖం చూసింది. "అదే అయినా భయపడే పని లేదు. మందులున్నాయి, పూర్తిగా తగ్గుతుంది. చేతులు పోయేదాకా దాచుకుంటేనే నష్టం. కానీ మీది అట్లా అనిపించడం లేదు నాకు. ఈ షాపు పెట్టకముందు ఏం చేసేవారు?"

చెప్పాను. ఎక్కడెక్కడ పనిచేశారని అడిగింది. ఎడారిలో కొన్నేళ్లు, ఈశాన్యంలో కొన్నేళ్లు, ఆఖరి మూడేళ్లు ఉత్తరాది కొండల్లో, దేవదారు అడవి మధ్య క్యాంపులో.

"కొండల్లో ఉన్నప్పుడు ఏదన్నా పురుగు కుట్టిందా? పిడుదు లాంటిది?"

"లేదు మేడం."

పక్కనున్న సుజాత కలగజేసుకుంది. "లేదంటవేంది? కుక్క ఉండె గదా ఆడ. దినాం పిడుదులు పీకుతున్న అని ఫోన్ల చెప్తుంటివి."

నిజమే. క్యాంపులో ఒక బొచ్చుకుక్క ఉండేది. అడవంతా తిరిగొచ్చి నేను కటింగ్ చేసే షెడ్డు ముందు పడుకునేది. ఖాళీ దొరికితే దాని ఒంటి మీది పిడుదులు ఏరేవాణ్ణి. నా ఒంటికి కూడా అప్పుడప్పుడు పట్టేవి, పీకి పారేసేవాణ్ణి. వాటిని కుట్టడం కింద లెక్కలోకి తీసుకోనే లేదు.

సుజాత ఆగలేదు. "మేడం, ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఈయన ఇదే చేతికి, మోచేతి కింద, గుండ్రంగ ఎర్రగ ఉండె. ముందు గాజంత ఉండె. పోయే దినానికి చిన్న పళ్లెమంత అయ్యింది, నడుమ తెల్లగయ్యింది. తామర అన్నడు. నేనే మందు రాసిన."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. "మళ్లీ చెప్పండమ్మా. నడుమ తెల్లబడి, చుట్టూ ఎర్రగా పెరుగుతూ పోయిందా?"

"అవ్ మేడం. తర్వాత దానంతట అదే పోయిందంట."

ఎంతోమంది మెడల మీద తామర చూసి, డాక్టరు దగ్గరికి పొమ్మని పంపినవాణ్ణి నేను. నా చేతి మీద ఉన్నది తామర కాదని నాకు తెలియలేదు. పూర్తిగా మరిచిపోయాను కూడా. గుర్తుపెట్టుకున్నది సుజాత.

డాక్టరమ్మ మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. లైమ్ అని ఒక జబ్బు ఉంది. కొన్ని అడవుల్లో పిడుదు కాటుతో వస్తుంది. ముందు అట్లా చక్రంలాగా ఎర్రగా లేచి దానంతట అదే పోతుంది. పోయింది కదా అని మనిషి మరిచిపోతాడు. క్రిమి మాత్రం లోపల ఉండి, కొందరిలో ఏళ్ల తర్వాత చర్మం మీద ఇట్లా బయటపడుతుంది. ముందు నీలం కలిసిన ఎరుపు, వాపు. తర్వాత చర్మం పలచబడటం, తిమ్మిర్లు. "మన దగ్గర చాలా అరుదు. నేను పుస్తకంలోనే చూశాను. నేను పొరబడి ఉండవచ్చు. పరీక్షలు చేశాకే మాట్లాడుకుందాం," అన్నది. నన్ను అడిగి, చేతి ఫొటో తీసి తనకు చదువు చెప్పిన ప్రొఫెసరుకు పంపింది.

"లైమ్ అంటే సున్నమా మేడం?" అని అడిగాను.

నవ్వింది. "కాదు. ఎక్కడో ఒక ఊరి పేరు."

"ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటదా?" సుజాత అడిగింది.

"అంటుకోదమ్మా. పిడుదు కుడితేనే."

సుజాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నల్లా దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

చెవి దగ్గర తీసిన దాంట్లో కుష్టు క్రిమి లేదని ఆ మధ్యాహ్నమే చెప్పారు. చేతి మీద నుంచి చిన్న చర్మం ముక్క, కొంత రక్తం తీసి హైదరాబాదుకు పంపారు. ఆ జవాబు రావడానికి రెండు వారాలు దాటింది. భయం కంటే ఆశతో ఎదురుచూడటం ఎక్కువ కష్టం. భయం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు డాక్టరమ్మ పొరబడిందేమోనని కొత్త భయం పట్టుకుంది. రోజుకు పదిసార్లు ఫోన్ చూసుకునేవాణ్ణి.

మే నెల మొదట్లో గల్లా దగ్గర కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. "కృష్ణయ్య గారూ, మనం అనుకున్నదే. మందు మొదలుపెడదాం, రేపే రండి."

నాకు తెలియకుండానే లేచి, మడమలు జోడించి నిటారుగా నిలబడి, "యెస్ మేడం!" అని అరిచాను. షాపులో సబ్బు నురగతో కూర్చున్న వాళ్లంతా తిరిగి చూశారు. శ్రీను చేతిలో దువ్వెన కింద పడింది. "ఏమైంది బావా?" అన్నాడు. "పెద్ద రోగం కాదురా," అన్నాను, అందరూ వినేట్టుగా. నెలల తరబడి ఎవరూ అనని మాటను నేనే షాపు మధ్యలో నిలబడి అన్నాను. ఆ తర్వాత గ్లౌజు తొడగలేదు.

మందంటే ఏదో పెద్దదనుకున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నాలుగు వారాలు గోలీలు. అంతే. మొదటి రెండు రోజులు చలిజ్వరం వచ్చింది, మే నెల ఎండలో దుప్పటి కప్పుకున్నాను. అట్లా కావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి కంగారు పడలేదు. గోలీ వేసుకున్నాక కడుపులో మంట లేవకుండా నిండా నీళ్లు తాగి, కాసేపు పడుకోకుండా కూర్చోవాలి. ఎండ తగలకూడదు. పాలమూరు జిల్లాల్లో మే నెలలో ఎండ తగలకుండా ఎట్లా తిరగాలో ఆమెకే తెలియాలి. సుజాత వాడే పూల గొడుగు వేసుకుని షాపుకు పోయేవాణ్ణి. నర్సింలు పంక్చర్ షాపు ముందు నిలబడి సెల్యూట్ కొట్టేవాడు.

రెండు వారాల దాకా తేడా ఏమీ కనిపించలేదు. మూడో వారంలో ఒకరోజు ముఖం కడుక్కుంటుంటే ఉంగరం దానంతట అదే తిరిగింది. వేలు పైకెత్తి సుజాతకు చూపించాను. ఆమె ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి, తీసి, మళ్లీ తొడిగింది. నేరేడు రంగు నెమ్మదిగా ఇటుక రంగయింది, జూన్ వానలకు అది కూడా వెలిసింది. చీమలు పాకడం తగ్గింది. పలచబడిన చర్మం మాత్రం పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చని, స్పర్శ రావడానికి నెలలు పట్టవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. "స్పర్శ ఒక్కటి వస్తే చాలు మేడం," అన్నాను.

వచ్చిందో లేదో తెలుసుకునేదెట్లా? మనుషుల మీద చూడలేను. ఖాదర్ సాబ్ చెవి నా కళ్ల ముందే ఉంది. మిలిటరీలో కొత్తగా పని నేర్చుకునేటప్పుడు మాకు బుగ్గల మీద కత్తి పెట్టనిచ్చేవాళ్లు కాదు. బుగ్గకు సబ్బు నురగ రాసి, అంటే పిల్లలు ఊదే గాలి బుగ్గకు, బెలూనుకు, పగలకుండా గీయమనేవాళ్లు. పరీక్షలయ్యి అనూష ఇంట్లోనే ఉంది. నా మాట వినగానే పోయి ఒక కట్ట బుగ్గలు తెచ్చింది. అది ఊదుతుంది, నేను ఎడమ చేత్తో పట్టుకుని గీస్తాను. మొదటి రోజు ఏడు పగిలాయి. నురగ ఫ్యాను రెక్కల మీద, దేవుడి పటం మీద, సుజాత నానబెట్టిన పప్పులో పడింది.

"ఎడమ చెయ్యి ఎక్కువ ఒత్తుతున్నవ్ నాయనా," అన్నది అనూష. నిజమే. తెలియని చెయ్యి కాబట్టి గట్టిగా పట్టుకుంటున్నాను. రోజూ పొద్దున చేశాం. ఒక్కోరోజు రెండే పగిలేవి, మరుసటి రోజు మళ్లీ ఆరు. జూలై ఆఖరులో ఒక పొద్దున, గీస్తుంటే నా చిటికెన వేలి కింద రబ్బరు సన్నగా వణకడం తెలిసింది. కత్తి ఎటు పోతోందో చూడకుండానే తెలిసింది. ఆ బుగ్గ పగల్లేదు. తర్వాతది పగల్లేదు. ఆ రోజు ఒక్కటీ పగల్లేదు. అనూష చప్పట్లు కొట్టింది. దాని తల మీద ఎడమ చెయ్యి పెట్టాను. వెంట్రుకల్లో నూనె తడి కూడా తెలిసింది.

ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున షాపుకు పోయేసరికి శ్రీను నా కుర్చీ తుడుస్తున్నాడు. తువ్వాలు ఉతికి మడిచి పెట్టాడు. "నాకు భయమైంది బావా," అన్నాడు, నా వైపు తిరక్కుండా. "ఇంట్ల చిన్న పిల్లలున్నరని."

"నాకు గూడ అయ్యింది తమ్మీ. నేనే కంచం వేరే పెట్టుకున్న."

ఖాదర్ సాబ్ కోసం మనిషిని పంపక్కర్లేకపోయింది. ఆయనే వచ్చాడు. గడ్డం ఛాతీ దాకా దిగింది. ఇంట్లో కోడళ్లు, మసీదులో దోస్తులు ఎన్ని మాటలన్నారో, ఎవరికీ కారణం చెప్పలేదట. కుర్చీలో కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు. "తీస్కో ఫౌజీ. ఆర్నెల్ల పంట."

వేడినీళ్లతో తడిపాను. కత్తెరతో బరువు తీశాను. బుగ్గల మీద, మెడ మీద కత్తి పెట్టాను. ఎడమ చేతి వేళ్ల కింద ఆయన దవడ ఎముక, దాని పక్కన నరం కొట్టుకోవడం, ముసలి చర్మం జారడం, అన్నీ తెలిశాయి. బయట నర్సింలు, టీ కొట్టాయన, ఇంకెవరెవరో తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. పది నిమిషాల పనికి నలభై నిమిషాలు పట్టింది. ఒక్క గాటు పడలేదు. చివర పటిక రాస్తుంటే ఖాదర్ సాబ్ కళ్లు తెరిచి అద్దంలో అటూ ఇటూ చూసుకున్నాడు.

"పదేండ్లు చిన్నగ చేసినవ్," అన్నాడు. తర్వాత నా ఎడమ చెయ్యి తీసుకుని, ముడతలున్న చోట తన కళ్లకు అద్దుకున్నాడు. నేను వద్దనలేకపోయాను.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. ఒంటి మీద గుండ్రంగా లేచిన ప్రతి మచ్చా తామర కాదు. నొప్పి లేదు, దురద లేదు అని ఊరుకోవద్దు. డాక్టరు దగ్గరికి పోతే ఇప్పటి సంగతే కాదు, ఎక్కడెక్కడ బతికారో, ఏం పని చేశారో కూడా చెప్పండి. మీరు మరిచిపోయింది ఇంట్లో వాళ్లకు గుర్తుండవచ్చు, తోడుగా తీసుకుపోండి. కంచం వేరు పెట్టుకునే ముందు కారణం చెప్పండి.

దీపావళి దాటాక ఒకరోజు గద్వాల వైపు లారీ నడిపే డ్రైవరు ఒకతను కటింగ్‌కు వచ్చాడు. నాకు కొత్త మనిషి. మెడ వెనక మిషను పెడుతుంటే కాలర్ కింద అరచేతి వెడల్పున తెల్లబారిన మచ్చ కనిపించింది. మచ్చ మీద వెంట్రుకలు లేవు. దువ్వెన మొనతో మెల్లగా తాకాను. అతనికి తెలియలేదు. ఇంకోసారి తాకాను. అద్దంలో చూస్తే, అతను ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు.

మిషను ఆపి, వంగి, పక్కవాళ్లకు వినపడకుండా చెప్పాను. నేను భయపడిన పెద్ద రోగమే అయ్యుండవచ్చని, సర్కారు దవాఖానలో మందులు ఉంటాయని, తొందరగా మొదలుపెడితే పూర్తిగా తగ్గుతుందని, సోమవారం కావాలంటే నేనే తోడొస్తానని. నా చెయ్యి అతని ముందు పెట్టి నా సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పాను. అతను ఫోన్ జేబులో పెట్టాడు. కప్పిన గుడ్డ ముడి తనే విప్పుకుంటూ లేవబోయాడు.

"దిగుత అన్నా. మీ షాపుకు చెడ్డపేరొస్తది."

"సగం కటింగ్‌తోని యాడికి పోతవ్? కూసో," అని గుడ్డ మళ్లీ కట్టి, ఎడమ చెయ్యి అతని మెడ మీద వేసి తల ముందుకు వంచాను. మిగిలిన సగం తీరిగ్గా పూర్తి చేశాను.